ఇంగ్లీషులోనూ సంధి విడదీయాల్సిందే

తల్లిదండ్రులకు నమస్కారం.

అర్ధసంవత్సర పరీక్షల ఇంగ్లీషు పేపర్లు దిద్దిన టీచర్లందరిదీ ఒకటే మాట: కథలు బాగానే రాస్తున్నారు, అపాస్ట్రఫీ (అక్షరం పక్కన పైన పెట్టే ’ గుర్తు) దగ్గరకొచ్చేసరికి తడబడుతున్నారు. కుక్క తోక ఊపిందని చెప్పాల్సిన చోట ‘ద డాగ్ వ్యాగ్డ్ ఇట్’స్ టెయిల్’ అని రాశారు. విప్పి చదివితే ‘ఇట్ ఈజ్ టెయిల్’ అవుతుంది!

పిల్లల్ని అని లాభం లేదు. ‘రాము’స్ బుక్’ అని సొంతానికి అపాస్ట్రఫీ పెట్టమన్నది మనమే. అది నామవాచకాలకు సరే గానీ హిజ్, ఇట్స్ లాంటి సర్వనామాలకు కాదు. తెలుగులో ‘నేను’ ‘నా’గా, ‘అది’ ‘దాని’గా మారినట్టే ఇంగ్లీషులో హిజ్, యువర్, దెయిర్, ఇట్స్ ముందే మారిపోయిన రూపాలు. వాటికి మళ్ళీ గుర్తు అక్కర్లేదు. 1787లో రాసిన అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం పదో సెక్షన్లో ‘దాని’ అనే అర్థంలోనే అపాస్ట్రఫీతో ‘ఇట్’స్’ కనిపిస్తుంది. అప్పట్లో అది చెల్లింది, ఇప్పుడు మార్కు పోతుంది. (ఈ సంగతి ఎనిమిదో తరగతి వాళ్ళకు చెప్పకండి, రీవాల్యుయేషన్ అడుగుతారు.)

ఇంట్లో మీరు చేయించాల్సింది సంధి విడదీయడమే. ‘రాముడతడు’ను ‘రాముడు + అతడు’గా విడదీయడం పిల్లలకు తెలుసు. మనకు పోయిన అచ్చు జాడ మిగలదు, ఇంగ్లీషులో పోయిన అక్షరం చోట అపాస్ట్రఫీ నిలుస్తుంది. అందుకే అనుమానం వచ్చినప్పుడల్లా ‘ఇట్ ఈజ్’, ‘ఇట్ హాజ్’, ‘యూ ఆర్’, ‘దే ఆర్’ అని విడదీసి పైకి చదివించండి. అర్థం కుదిరితే అపాస్ట్రఫీ ఉండాలి, కుదరకపోతే తీసేయాలి. ‘అక్కడ’ అనే దేర్, ‘వాళ్ళ’ అనే దెయిర్, ‘దే ఆర్’ కుదించిన దే’ర్ మన నోట ఒక్కలాగే పలుకుతాయి కనుక చెవిని నమ్మితే లాభం లేదు. ఫోన్ కీబోర్డు తనంతట తాను పెట్టేదాన్నీ నమ్మొద్దు. మన క్లాసు వాట్సాప్ గ్రూపుల్లో ‘యూ’ర్ వెల్కమ్’ అనాల్సిన చోట ‘యువర్ వెల్కమ్’ తరచూ కనిపిస్తోంది, పిల్లలు అవీ చదువుతారు మరి.

బహువచనానికి మాత్రం అపాస్ట్రఫీ పెట్టరు. ‘టిఫిన్’స్’, ‘జ్యూస్’స్’ అని రాసిన బోర్డులు బజార్లో ఎక్కడైనా కనిపిస్తే పిల్లల చేత నోట్‌బుక్‌లో రాయించి, పక్కన సరైన రూపం కూడా రాయించి సోమవారం పంపండి. ఇంగ్లీషు పీరియడ్‌లో వాటితోనే మొదలుపెడతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు