డేరా తలుపు కాస్త తెరిచి పెట్టుకో

సిమిలిగుడ,
డిసెంబరు, మంగళవారం రాత్రి

చిరంజీవి చిన్నాకి,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. పన్నెండు రోజులైంది. ఎత్తినప్పుడు కూడా మీటింగ్ అంటావు. ఉత్తరమైతే వీలు చూసుకుని చదువుతావని రాసి, ఈ కంబళి మడతలో పెడుతున్నాను.

ఈ ఏడు చలి ముందే దిగింది. తెల్లారేసరికి పెరట్లో గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు ఉంటోంది. చిక్కుడు పాదు ఒక పక్క మాడిపోయింది. బుజ్జక్కకి ఏడో నెల వచ్చింది, సంక్రాంతికి తీసుకొస్తాం. మీ అమ్మ మోకాలు అలాగే ఉంది. పొద్దున్న చోడి అంబలి కాచి, నీ గ్లాసు కూడా తీసి మళ్లీ లోపల పెట్టింది. అలవాటు.

మొన్న అల్లం కొందామని కుందులి సంతకి వెళ్తే శ్రీను బావ కనబడ్డాడు. ఫోన్లో ఒక ఫోటో చూపించాడు. దేవ్‌మాలి కొండ మీద నీలం రంగు టెంటు, ముందు నలుగురు కుర్రాళ్లు, ఒకడి చేతిలో నాటు తుపాకి. మంకీ క్యాప్ కళ్ల దాకా లాక్కున్నాడు, మొహం తెలియడం లేదు. బావ అయితే ‘మన చిన్నాలా ఉన్నాడు మామయ్యా’ అన్నాడు. నేను కాదన్నాను. ఇంటికొచ్చాక మళ్లీ పంపించమని అడిగి, పెద్దది చేసి చూశాను. గోధుమరంగు స్వెటర్, ఎడమ మోచేతి దగ్గర పచ్చ ఊలుతో అతుకు. ఆ రోజు ఇంట్లో గోధుమరంగు ఊలు అయిపోతే మీ అమ్మ పచ్చదే వేసింది. మీ అమ్మకి ఫోటో చూపించలేదు.

సాలూరు మీదుగా సుంకి ఘాటీ ఎక్కి, పొట్టంగి దాటి, ఇంత దగ్గరి దాకా వచ్చి ఇంటికి రాకుండా వెళ్లిపోయావు. ఆ మాట అలా ఉంచు. నేను రాస్తున్నది చలి గురించి.

దేవ్‌మాలి 1,672 మీటర్లు. ఒడిశాలో అంతకంటే ఎత్తైన కొండ లేదు. మీ వైజాగ్‌లో దుప్పటి కప్పుకుంటే సరిపోయే రాత్రి, అక్కడ పళ్లు టకటకలాడతాయి. పైన చెట్టు లేదు, అంతా గడ్డి. గాలికి అడ్డు ఉండదు. శిఖరం మీద ఫోటో దిగండి, పడుకోవడానికి మాత్రం గాలి తగలని వాలు చూసుకోండి. అలాగని అడుగున వాగు పక్కకి దిగిపోవద్దు. రాత్రి చల్లగాలి బరువుగా జారి పల్లంలోనే నిలుస్తుంది. చలి పైనుంచి కంటే కింద నుంచే ఎక్కువ లాగుతుంది. రెండు దుప్పట్లు ఉంటే ఒకటి కిందే వెయ్యి. వరిగడ్డి దొరికితే జానెడు మందం పరిచి, దాని మీద ప్లాస్టిక్ పట్టా, ఆ పైన కంబళి. చెమట పట్టిన బట్టలతో పడుకోవద్దు. నూలు బట్ట తడిస్తే ఒంట్లో వేడంతా లాగేస్తుంది. పడుకునే ముందు పొడి మేజోళ్లు మార్చుకో. ఏదైనా వేడిగా తిను. జీలుగు కల్లు తాగితే ఒళ్లు వెచ్చబడిందని అనిపిస్తుంది, కానీ రక్తం చర్మం మీదికి వచ్చి లోపలి వేడి బయటికి పోతుంది. నువ్వు తాగుతావని అనడం లేదు. పక్కవాళ్లు ఇస్తారు కదా.

తుపాకి నీది కాదంటావు, ఫోటో కోసం పట్టుకున్నానంటావు. అదే నిజమైతే నాకంటే సంతోషించేవాడు లేడు. కానీ ఆ ఫోటో చూసిన ఫారెస్టువాళ్లు నీ మాట వినరు. వేటకి 1972 చట్టమే కళ్లెం వేసింది, 1991 సవరణతో పూర్తిగా పోయింది. కణుజుని, అదే సాంబర్ జింకని, కొడితే ఇప్పుడు మూడేళ్లకి తక్కువ కాకుండా జైలు. అడవి పంది పంట తినేస్తోందన్నా, కొట్టడానికి అధికారి రాసిచ్చిన కాగితం ఉండాలి. లైసెన్సు లేని తుపాకి చేతిలో ఉంటే అది వేరే కేసు. పాస్‌పోర్టుకి పెట్టుకున్నవాడివి. తాతయ్య వేటకి వెళ్లేవాడు కదా అని నాతో వాదించకు. తాతయ్య ఆ రోజుల్లో వెళ్లాడు, చట్టం వచ్చాక తుపాకి అప్పగించేసి మళ్లీ ముట్టుకోలేదు. పొద కదిలిందని చీకట్లో పేలిస్తే, ఆ పొద వెనక మనిషి ఉండొచ్చు. పందుల కోసం చేల గట్ల మీద కరెంటు తీగలు కట్టేవాళ్లు ఉన్నారు, కాలికి తగిలేదాకా కనబడవు. రాత్రిపూట చేలకి అడ్డంపడి నడవొద్దు. తిండి టెంట్లో పెట్టుకుంటే ఎలుగు వాసన పట్టి వస్తుంది.

ఒక సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. మీ అమ్మకి సగమే తెలుసు.

1984 డిసెంబరు. అప్పుడు నేను సర్వే పార్టీలో చైన్‌మన్‌ని, కొలత గొలుసు పట్టేవాడిని. నందపురం పైన రోడ్డు కొలతలకి వెళ్లాం. ఒక డేరాలో ఐదుగురం. సాయంత్రం వాన పడి కాన్వాసు నీళ్లు పీల్చుకుంది. తడిసిన కాన్వాసు బిగిసిపోతుంది, గాలి ఆడదు. వంటకి సాయంగా ఒక కుర్రాడు ఉండేవాడు, పద్దెనిమిదేళ్లు నిండాయో లేదో. అందరం వణికిపోతున్నామని వాడే పొయ్యిలో మిగిలిన నిప్పులు ఇనప తట్టలో ఎత్తి డేరా మధ్యలో పెట్టాడు. తలుపు తాళ్లు బిగించి, గోడ అంచుల మీద రాళ్లు పెట్టాం. పొగ లేదు, ఎర్రటి బొగ్గులే. ‘అన్నా, ఇటు రా, వెచ్చగా ఉంది’ అని తన పక్కన చోటు చూపించాడు. నాకు ఎప్పుడూ గోడ వారనే పడక. అక్కడ కాన్వాసు చిరిగి ఒక బెత్తెడు కన్నం ఉండేది, చల్లగాలి కొడుతోందని రోజూ తిట్టుకునేవాడిని. ఆ రాత్రి కూడా అక్కడే పడుకున్నాను.

ఏ వేళప్పుడో మెలకువ వచ్చింది. తల బద్దలైపోతోంది. లేద్దామంటే మోకాళ్లు నిలవలేదు. జ్వరం వచ్చిందనుకున్నాను. ఆ చిరుగు దగ్గరికే పాక్కుంటూ వెళ్లి, గోడ కిందనుంచి తల బయటపెట్టి వాంతి చేసుకున్నాను. కాస్త గాలి తగిలాక పిలిచాను. ఎవరూ పలకలేదు. ఒక్కొక్కరినీ కాళ్లు పట్టుకుని బయటికి ఈడ్చాను. ముగ్గురు తెల్లారేసరికి కళ్లు తెరిచారు. వాడు తెరవలేదు. బుగ్గలు ఎర్రగా, ఎండలో ఆడుకుని వచ్చి నిద్రపోయిన పిల్లాడిలా ఉన్నాడు. పోయాడంటే నేను నమ్మలేదు, చేతులు రుద్దుతూనే ఉన్నాను.

డాక్టరు గారు తర్వాత చెప్పారు. బొగ్గులు మూసిన చోట కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తం ప్రాణవాయువుని వదిలేసి దాన్నే పట్టుకుంటుంది. తలనొప్పి, కడుపులో తిప్పు, మత్తు. నిద్రలో ఉన్నవాడికి అదీ తెలియదు. పొగ లేదు కదా అన్న ధైర్యమే మమ్మల్ని ముంచింది.

వాడి ట్రంకు పెట్టె నేనే ఊరికి తీసుకెళ్లాను. వాళ్లమ్మ ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని ‘చలికి ఇబ్బంది పడ్డాడా నా బిడ్డ’ అని అడిగింది. లేదమ్మా, వెచ్చగానే ఉన్నాడు అన్నాను. నిజమే చెప్పాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆ ఇంట్లో నిలబడలేకపోయాను.

చలికాలంలో కూడా పడకగది కిటికీ రెక్క తీసి పెడతానని మీ అమ్మకీ నాకూ రోజూ గొడవ నీకు తెలుసు కదా. నువ్వు చిన్నప్పుడు లేచి మూసేసేవాడివి. నేను మళ్లీ లేచి తీసేవాడిని. అందుకు.

టెంట్లోకి నిప్పు తేవద్దు. కుంపటి వద్దు, గ్యాసు పొయ్యి వద్దు. ఆరిపోయిందనుకున్న బొగ్గులు కూడా వద్దు. నెగడు బయట వేసుకోండి, పడుకునే ముందు నీళ్లు పోసి కర్రతో కెలికి, చెయ్యి పెట్టి చూడండి. ఎండుగడ్డి కొండ అది. జిప్పు మొత్తం మూసేయొద్దు, నాలుగు వేళ్లు పట్టేంత వదలాలి. ఊపిరి తడి లోపల పట్టకుండా ఉంటుంది కూడా. వెచ్చదనం కావాలంటే స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మూత బిగించి, టవల్ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకో. మిగతా ముగ్గురికీ చెప్పు. వాళ్ల ఇళ్లల్లో ఎవరూ చెప్పి ఉండరు.

ఫోన్ ఎత్తనిది నేను అరుస్తాననేనా? అరవను. తుపాకి ఎవరిదో నేను అడగను, వాళ్లది వాళ్లకి ఇచ్చేసి రా. మళ్లీ కొండకి వెళ్లాలనిపిస్తే రాత్రికి ఇక్కడ దిగు. తెల్లవారుజామున మూడింటికి నేనే లేపుతాను, సూర్యుడు వచ్చే వేళకి పైన ఉంటావు. కావాలంటే నేనూ వస్తాను, కింద బండి దగ్గర కూర్చుంటాను.

పార్సిల్లో తాతయ్య కంబళి, రెండు జతల మేజోళ్లు, మీ అమ్మ చేసిన నువ్వుండలు ఉన్నాయి. కంబళి నుంచి నాఫ్తలిన్ వాసన వస్తే ఒకరోజు ఎండలో వెయ్యి. స్వెటర్ మోచెయ్యి మళ్లీ విడిపోతోంది, ఫోటోలో చూశాను. వచ్చేటప్పుడు అది పట్టుకురా, ఈసారి గోధుమరంగు ఊలు తెచ్చి ఉంచాను. బస్సు గురువారం పొద్దున్నే కాంప్లెక్స్‌కి వస్తుంది. డ్రైవర్ నంబర్ మెసేజ్ పెట్టాను. నువ్వే వెళ్లి తీసుకో, తీసుకోగానే మీ అమ్మకి ఫోన్ చెయ్యి. నాకు చెయ్యకపోయినా పర్వాలేదు, పక్కనే ఉంటాను.

ఇట్లు,
మీ నాన్న