అటల్ ల్యాబ్‌ల తాళాలు ఆదివారం తీయాలి

సంపాదకులకు నమస్కారం. బడుల్లోని అటల్ టింకరింగ్ ల్యాబ్‌లను ఆదివారాల్లో పేటవాసులకూ తెరవాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

కావేరి నీళ్లు ఏ వేళకు వస్తాయో, ఎంతసేపు వస్తాయో తెలియని బెంగళూరు పేటల్లో సంప్ మోటారును ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సి వస్తున్నందున, ఆ కాపలాను ఆర్డుయినో, ఈఎస్‌పీ 32 వంటి, ప్రోగ్రాము ఎక్కించి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులకు అప్పగించేవారు మన తెలుగువాళ్లలోనూ ఎక్కువయ్యారు. ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్.పి. రోడ్డులో బోర్డు, బోర్డు చెప్పినట్టు మోటారు కరెంటును కలిపే, తెంచే రిలే, నీటి మట్టం తెలిపే ఫ్లోట్ స్విచ్ కొని తెచ్చి, ప్రోగ్రాము రాసుకుని ఇంట్లోనే కంట్రోలర్ కట్టుకోవడం మెచ్చదగినదే. బోర్డు నడిచే 5 వోల్టులకూ ఇంటి కరెంటు 230 వోల్టులకూ లంకె పడే చోటే చిక్కంతా ఉంది.

నీలం రంగు చిన్న రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసి ఉంటుంది. ఒక హార్స్‌పవర్ మోటారు నడకలో తీసుకునే కరెంటు అంతకన్నా తక్కువే గనుక సరిపోతుందని చాలామంది ధీమా. అయితే ఆ అంకె హీటరు వంటి వాటికి చెప్పినది. మోటారు అందుకునే క్షణంలో దానికి మామూలుకన్నా అయిదారు రెట్లు కరెంటు కావాలి. ఆ దెబ్బకు కొన్నాళ్లలో రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. ప్రోగ్రాము ఆపమన్నా, బోర్డు మీది ఎర్ర దీపం ఆరినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. మా పక్క భవనంలో సంప్ ఎండిపోయాక కూడా అలాగే తిరిగి మోటారు కాలిపోయింది. రిలేతో కాంటాక్టరును, అంటే భారీ కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్‌ను, నడిపించి, కాంటాక్టరుతో మోటారును నడిపించాలని, ఫ్లోట్ స్విచ్ వైరు తెగితే మోటారు ఆగిపోయేలా ప్రోగ్రాము రాయాలని పక్కన నిలబడి చెప్పేవారుంటే ఆ నష్టం తప్పేది.

అలా చెప్పడానికి చోటు లేకపోలేదు. నీతి ఆయోగ్ 2016 నుంచి 6–12 తరగతుల పిల్లల కోసం బడుల్లో నెలకొల్పుతూ వస్తున్న అటల్ టింకరింగ్ ల్యాబ్‌లకు ఒక్కొక్కదానికి రూ. 20 లక్షల దాకా గ్రాంటు ఉంది. ఆర్డుయినో వంటి మైక్రోకంట్రోలర్ బోర్డులు, సెన్సర్లు, మల్టీమీటర్లు అక్కడే ఉన్నాయి. మా పేట బడిలోని ల్యాబ్‌కు మాత్రం ఆదివారం తాళమే. రుసుము కట్టి వెళ్లే ప్రైవేటు వర్క్‌షాపులు ఊళ్లో ఉన్నా, పింఛను మీద బతికే పెద్దాయన ఒక్క రిలే సంగతి అడగడానికి అక్కడిదాకా వెళ్లడు.

సామాను పోతుందని ప్రధానోపాధ్యాయులు జంకడం సహజమే. వచ్చినవారి పేర్లు రిజిస్టరులో రాయించి, కొంత డిపాజిట్ కట్టించుకోవచ్చు. కరెంటు లీకయితే వెంటనే సరఫరా తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉన్న బల్ల మీద, లైసెన్సు గల ఎలక్ట్రీషియన్ ఎదుట తప్ప 230 వోల్టుల జోలికి ఎవరినీ పోనివ్వకూడదు. ఆ ఎలక్ట్రీషియన్ కూలి మన తెలుగు సంఘాలు భరించినా బాగుంటుంది. తొలుత రెండు మూడు బడుల్లోనైనా ఫిబ్రవరిలోగా ఈ ఏర్పాటు చేయించాలని విద్యాశాఖను కోరుతున్నాను, మార్చి వచ్చిందంటే ప్రతి ఇంటా సంప్ మోటారు గొడవే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు