ఎక్కడ ఆపాలో నేర్పిన ఫిజియోథెరపిస్టు మేడమ్‌కు కృతజ్ఞతలు

మోటార్ న్యూరాన్ వ్యాధి తొలిదశలో ఉన్న మా ఇళ్లవాళ్లకు ఇంటికొచ్చి వ్యాయామం నేర్పిన ఫిజియోథెరపిస్టు మేడమ్‌కూ, ఆవిడతో వచ్చిన విద్యార్థులకూ, కుర్చీ ఎత్తు పెంచిపెట్టిన వడ్రంగి మేస్త్రికీ మా అందరి తరఫున నమస్కారాలు. పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు. ఆవిడ చెప్పిన సంగతులు మాత్రం ఇంకో నలుగురికి పనికొస్తాయని పెడుతున్నాం.

ఈ జబ్బు పేరు వినగానే చుట్టాల సలహాలు రెండు రకాలు. మంచం దిగొద్దని ఒకరు, జిమ్‌లో చేర్పిస్తే కండ పడుతుందని ఇంకొకరు. కండరాలను కదిలించే నరకణాలు మెదడులో, వెన్నుపాములో చనిపోవడం వల్ల వచ్చే నీరసం ఇది. నరం వదిలేసిన కండరం బరువులెత్తితే తిరిగి రాదు. అలాగని కూర్చోబెడితే, నరం ఇంకా అందుతున్న కండరాలు కూడా వాడకం లేక చిక్కిపోతాయి, కీళ్లు పట్టేస్తాయి. వ్యాయామంతో ఆపగలిగింది ఈ రెండో నష్టాన్నే. 2001లో ఇజ్రాయెల్ వైద్యులు ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, రోజుకు రెండుసార్లు పావుగంట చొప్పున మోస్తరుగా చేసినవాళ్లు మూడు నెలలకు చేయనివాళ్లకంటే మెరుగ్గా ఉన్నారు. జబ్బు నయమైందని కాదు, జారడం కాస్త నెమ్మదించింది.

మేడమ్ మొదట ఏ వ్యాయామమూ చెప్పలేదు, ఒక్కొక్క కండరాన్నీ పరీక్షించారు. చెయ్యో కాలో ఎవరి సాయం లేకుండా పైకి లేచి, మీద కొంచెం నొక్కినా నిలబడితే, ఆ కండరానికి పల్చటి పసుపు రంగు థెరాబ్యాండ్ (లాగితే సాగే రబ్బరు పట్టీ) సరిపోతుంది: ఎనిమిది పదిసార్లు, ఒక్క విడత. లేవడమే కష్టమైతే బ్యాండూ వద్దు, ఇసుకమూటా వద్దు. బల్లమీద చెయ్యి జారించడమో, బరువు మనం మోస్తూ కదపడమో చేయాలి. ఒకే మనిషికి కుడిచేతికి ఒక పద్ధతి, ఎడమచేతికి ఇంకోటి.

భుజం దగ్గర ఇంట్లోవాళ్లే ఎక్కువ చెరుపు చేస్తారు. చంకలో చెయ్యి వేసి లేపడం, మణికట్టు పట్టి లాగడం అలవాటు. చుట్టూ కండ తగ్గిన భుజం కీలుకు ఆ లాగుడు చాలు, నొప్పి మొదలై బిగుసుకుపోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి ఒక చేత్తో మోచేతి కింద, ఇంకో చేత్తో మణికట్టు దగ్గర పట్టుకోవాలి. చేతిని భుజం ఎత్తు దాటించే ముందు అరచెయ్యి పైకి వచ్చేలా బయటికి తిప్పాలి. తిప్పకుండా ఎత్తితే లోపలి స్నాయువు రెండు ఎముకల మధ్య నలుగుతుంది. నిదానంగా అయిదుసార్లు, నొప్పి అన్నచోట ఆపేయాలి.

పిక్కకు తువ్వాలు. కాలు చాపి, అరిపాదం ముందు భాగాన తువ్వాలు వేసి మెల్లగా తమవైపు లాక్కుని ముప్పై సెకన్లు ఆపాలి, అలా మూడుసార్లు. విసురుగా లాగితే పాదం టకటకా కొట్టుకుంటుంది, బిగువు ఇంకా పెరుగుతుంది. రోజూ ఇది మానేస్తే మడమ నేలకు ఆనదు, ముని వేళ్లు గడపకు తట్టుకుని పడతారు.

లేచి కూర్చోవడం కూడా వ్యాయామమే, అయిదుసార్లు చాలు. మెత్తటి సోఫాలోంచి మాత్రం వద్దు. మేస్త్రి మన చెక్క కుర్చీ కాళ్లకింద నాలుగంగుళాల దిమ్మెలు పెట్టి, కాలు జారకుండా వాటికి గుంటలు తొలిచి ఇచ్చారు. తుంటి మోకాలికంటే ఎత్తున ఉంటే తొడమీద భారం తగ్గుతుంది. ఆ పనికి కూలి కూడా పుచ్చుకోలేదాయన.

ఆపడానికి ఆవిడ చెప్పిన గుర్తులు ఇవీ. చేస్తూ మాట్లాడలేకపోతే ఎక్కువైనట్టు. అరగంట విశ్రాంతికీ అలసట తీరకపోయినా, మర్నాడు చొక్కా బొత్తాలు పెట్టుకోవడం మామూలుకంటే కష్టమైనా సగానికి సగం తగ్గించాలి. కండరాలు ఊరికే అదరడం చూసి భయపడక్కర్లేదు. రాత్రి పిక్కలు పట్టేయడం పెరిగితే తగ్గించాలి. ఎండాకాలం పొద్దున్నే ముగించాలి. ఆస్పత్రికి వెళ్లొచ్చిన రోజు వ్యాయామం లేదు, ఆ ప్రయాణమే చాలు. బరువు వారానికోసారి చూడాలి, తగ్గుతుంటే నడక పెంచకుండా డాక్టరుకు చెప్పాలి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తున్నా, పొద్దున లేవగానే తలనొప్పి ఉంటున్నా పడుకుని చేసేవన్నీ ఆపి, ఊపిరితిత్తుల పరీక్ష కోసం న్యూరాలజిస్టు దగ్గరికి త్వరగా వెళ్లాలి.

విద్యార్థులు ఇవన్నీ బొమ్మలు గీసి గోడకు అంటించారు, ఎవరి చార్టు వాళ్లకే. మేడమ్ వచ్చినప్పుడల్లా కండరాలు మళ్లీ పరీక్షించి, బలం తగ్గినచోట బ్యాండు బొమ్మ కొట్టేస్తారు. అందుకే మా చార్టు ఫోటో పంపమని అడిగినవాళ్లకు పంపలేదు, ఏమీ అనుకోవద్దు. మీ దగ్గరి ఫిజియోథెరపిస్టుతో కండరాల పరీక్ష చేయించుకుని మీ చార్టు మీరు రాయించుకోండి. దిమ్మెల కొలతలు అడిగితే మాత్రం ఇస్తాం.