విజయవాడ బస్టాండులో ఆదుకున్న అక్కకు

సరిగ్గా నిద్రలేదు, అక్షర దోషాలుంటే సర్దుకుని చదవండి. రేపు రాద్దాంలే అనుకుంటే ఇక రాయలేనని ఇప్పుడే కూర్చున్నాను.

పెద్దపేగు ఆపరేషన్ చేసి నాకు పొట్టమీద బ్యాగు పెట్టారని మీలో చాలామందికి తెలుసు. లోపలి కుట్టు మానేదాకా చిన్నపేగును పొట్టమీదకి తెచ్చి కుట్టారు. ఇలియోస్టమీ అంటారు. అందులోంచి వచ్చేది పలచగా ఉంటుంది, అరిగించే రసాలన్నీ అందులోనే ఉంటాయి. లీకై చర్మానికి తగిలిందంటే కారం పూసినట్టు మంట.

చెకప్‌కి వెళ్ళి వస్తూ విజయవాడలో బస్సు మారాలి. దిగేసరికి కుచ్చిళ్ళ దాకా తడి, వాసన. పక్క సీటావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది, ఆమెను అనేదేముంది! ఆడవాళ్ళ బాత్రూముల దగ్గర డబ్బులు తీసుకునే అక్క నన్ను చూసి "ఏమైందమ్మా?" అంది. నోట మాట రాక కొంగు కాస్త పక్కకి తీశాను. "బ్యాగా? మా ఆయనకీ ఉండేది. రా లోపలికి" అంది.

టీ కొట్టు నుంచి వేణ్ణీళ్ళు తెప్పించింది. బ్యాగును చర్మానికి అతికించి ఉంచే పాత ప్లేటును పట్టి లాగేయలేదు. ఒక చేత్తో చర్మం అదిమిపెట్టి, తడిగుడ్డతో కొంచెం కొంచెంగా ఊడదీసింది. సబ్బు వద్దంది. కడిగి, అద్ది, అట్టముక్కతో విసిరి ఆరబెట్టింది. నా చేతిసంచిలోని కొత్త ప్లేటు చూసి "రంధ్రం ఇంత పెద్దగా కోశారేంటమ్మా? నీ పేగు ఇంతే ఉందిగా" అంది. ఆపరేషనైన మొదటి 6 నుంచి 8 వారాల్లో వాపు తగ్గి స్టోమా, అంటే పొట్టమీద బయటికి కనిపించే పేగు మూతి, చిన్నదవుతుంది. ప్లేటు రంధ్రం దానికంటే 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా ఉండాలి, లేదంటే ఆ సందులోంచి కారి చర్మాన్ని తినేస్తుంది. నా ప్లేట్లు ఒక్కటి తప్ప అన్నీ హాస్పిటల్లో తీసిన మొదటి కొలతకే కోసి ఉన్నాయి. ఆ కోయని ఒక్క ప్లేటుకి అక్క కొత్తగా కాగితం మీద కొలత తీసి, కత్తిరించి, అరచేతుల మధ్య వెచ్చబెట్టి అతికించింది. "చెయ్యి తియ్యకు, అలాగే ఒత్తి పట్టుకో" అని కబుర్లు చెబుతూ కూర్చుంది. డ్యూటీ అయ్యాక కట్టుకుని వెళ్దామని తెచ్చుకున్న చీర నాకు కట్టింది.

డబ్బులు తియ్యబోతే "మా ఆయనకి చేసినన్నాళ్ళూ నాకెవరైనా ఇచ్చారా?" అంది. ఆపరేషనప్పుడు కూడా ఏడవని నేను అక్కడ ఏడ్చాను. పేరు రాయొద్దంది, రాయడం లేదు. అక్కా, నీ చీర ఉతికి, ఇస్త్రీ చేసి ఉంచాను.

ఇంటికొచ్చి డిశ్చార్జి కాగితాలు తీసి చూశా. బిల్లులో గ్లౌజులు కూడా లెక్కపెట్టి వేశారు. బ్యాగు సంగతి మాత్రం "స్టోమా కేర్ అడ్వైజ్డ్" అని ఒక్క ముక్క. ఎవరికి చెప్పారు, ఎప్పుడు చెప్పారు? దీనికోసమే శిక్షణ పొందిన స్టోమా నర్సులుంటారని నాకు ఈ మధ్యే తెలిసింది. ఇన్సూరెన్సు వాళ్ళేమో బ్యాగులు కన్స్యూమబుల్స్ (వాడి పారేసేవి), వాటికి డబ్బులివ్వం అన్నారు. పేగు బయట పెట్టుకుని బ్యాగు లేకుండా ఎలా తిరగాలో కూడా వాళ్ళే చెప్తే బాగుండేది.

ఇప్పుడు పొద్దున్నే ఏమీ తినకముందే మారుస్తున్నా, మూడో వంతు నిండగానే ఖాళీ చేస్తున్నా. పుండు ఆరుతోంది.

మా ఆయన, అత్తయ్య, పిల్లలు ఎంత చేశారో వేరే చెప్పక్కర్లేదు. ఆపరేషన్ చేసిన డాక్టరు గారికి నమస్కారాలు. నా క్లాసులు చూసుకుంటున్న లెక్కల టీచరుకి కూడా.

అయ్యో, వేణ్ణీళ్ళిచ్చిన టీ కొట్టు బాబాయిని మరిచాను. తర్వాతి బస్సులో ముందు సీటు ఖాళీ చేయించిన కండక్టరు గారిని కూడా. ఇంకా, బాక్సు మొత్తం కొనాల్సిందేనని అందరూ అంటుంటే విడిగా రెండు బ్యాగులు ఇచ్చిన మా ఊరి మెడికల్ షాపు అబ్బాయి. తమ్ముడూ, రెండో దాని డబ్బులు బాకీ ఉన్నాను, సోమవారం పంపిస్తా.