చెరిపేసిన సాక్ష్యానికి బాధ్యులెవరు?

సంపాదకులకు నమస్కారం.

1722లో ఇంగ్లండులో పొగగొట్టాలు శుభ్రం చేసే ఒక కుర్రవాడికి దొరికిన నగలోని రాళ్లను నగల వ్యాపారి తిరిగి ఇవ్వకపోతే, అవి మేలైన రాళ్లేనని భావించి పరిహారం లెక్కకట్టమని న్యాయమూర్తి జ్యూరీకి చెప్పారు. సాక్ష్యాన్ని చూపనివారికి ప్రతికూలంగానే దాన్ని ఊహించాలన్నది ఎంత న్యాయమైన మాట!

అమెరికా ఫెడరల్ కోర్టుల్లో సివిల్ దావాలు నడిపే నిబంధనల్లో 37(ఇ)ని 2015లో సవరించాక మాత్రం, పోయిన ఎలక్ట్రానిక్ సమాచారం పోగొట్టినవారికి ప్రతికూలమైనదేనని జ్యూరీ భావించాలంటే, దాన్ని ప్రత్యర్థికి దక్కనీయకూడదన్న ఉద్దేశంతోనే పోగొట్టారని తేలాలి. ఘోర నిర్లక్ష్యం కూడా చాలదు. ఆ ఉద్దేశాన్ని పట్టిచ్చే ఈమెయిళ్లు సైతం చెరిగిపోయినవాటిలోనే ఉంటే నష్టపోయిన కక్షిదారు ఏం చూపగలడు? దావా తప్పదని తెలిసీ పాత సందేశాలు వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటును ఆపని సంస్థల విషయంలోనైనా, దురుద్దేశం లేదని నిరూపించుకునే భారాన్ని వాటిపైనే మోపాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు