వాళ్ళకే ఎందుకు ‘అట’?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో పిల్లల పేజీని ప్రతి ఆదివారం నేనూ, నాలుగో తరగతి చదివే మా మనవరాలూ కలిసి చదువుతాం. అది పైకి చదువుతుంది, నేను వింటాను. ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన చెవి నాది, తప్పు వినపడితే ఊరుకోలేను. పోయిన ఆదివారం ‘ప్రపంచంలో వింత నమ్మకాలు’ అని వేసిన అరపేజీలో అచ్చుతప్పు ఒక్కటీ దొరకలేదు. దొరికిన తప్పు వేరే, అదీ పట్టుకున్నది పిల్ల.

‘యూదులు తమ గ్రంథాన్ని చేత్తో ముట్టుకోరట. సిక్కులు తమ పుస్తకాన్ని రాత్రిపూట పడుకోబెడతారట’ అని గడగడా చదువుకుంటూ పోయి, ఉన్నట్టుండి ఆగింది. “అమ్మమ్మా, నువ్వు రాత్రి కథ చెప్పేటప్పుడు దేవుడు ప్రత్యక్షమయ్యాడు అంటావు గానీ, అయ్యాడట అనవు కదా! మరి వీళ్ళకే ఎందుకు ‘అట’?”

జవాబు తోచక కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాను. మనింటివి జరిగినవి, పక్కింటివి ఎవరో చెప్పగా విన్నవి. పల్లెత్తు మాట అనకుండానే రెండక్షరాలతో అవతలివాళ్ళని గుమ్మం బయట నిలబెట్టేస్తున్నాం. (మాది ఏ మతమో ఈ ఉత్తరంలో చెప్పడం లేదు. ఎవరింట్లోనైనా వ్యాకరణం ఇదే అయి ఉంటుంది.) అశోకుడు క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే పన్నెండో శిలాశాసనంలో చెక్కించాడు: సందర్భం లేకుండా తన మతాన్ని పొగుడుకోవడం, ఎదుటివారి మతాన్ని కించపరచడం మానుకోమని, అలా చేసేవాడు సొంత మతానికే కీడు చేస్తాడని. అందులో ఆయన ముందుగా అడిగింది మాట అదుపే.

సరే, ‘అట’ తీసేస్తే సరిపోతుందా అని ఆ వారమంతా ఇద్దరం కలిసి మీ అరపేజీని మళ్ళీ దిద్దాం. యూదుల పవిత్ర గ్రంథమైన తోరా చర్మపత్రం మీద చేత్తో రాసిన చుట్ట. గౌరవంకొద్దీ, వేలి చెమటకు అక్షరాలు చెడిపోకుండానూ, కొసన చిన్న చెయ్యి ఆకారం ఉన్న పుల్లతో వరస చూపిస్తూ చదువుతారు. అందులో మొత్తం 3,04,805 అక్షరాలని సంప్రదాయ లెక్క. ఒక్క అక్షరం జారిపోయినా, దాన్ని సరిచేసేదాకా ఆ చుట్ట ప్రార్థనలో చదవడానికి పనికిరాదు! మధ్యాహ్నం నిద్రలో కూడా నాకు ఆ లేఖకులే గుర్తొచ్చారు. నా ఉద్యోగంలో అంత పట్టింపు ఉన్న యజమాని ఒక్కడూ తగల్లేదు.

సిక్కుల సంగతి ఇంకా సులువుగా తేలింది. వాళ్ళ పదో గురువు గురు గోవింద్ సింగ్ 1708లో, ఇకమీదట ఈ గ్రంథమే మీకు గురువని చెప్పి వెళ్ళారు. అది చెప్పగానే పిల్ల, “గురువైతే రాత్రి పడుకోవద్దా మరి?” అంది. మీరు ‘వింత’ అన్నది దానికి మర్యాదగా కనిపించింది. ఆ ఒక్క వాక్యం మీరూ వేసి ఉండొచ్చు.

రంజాన్ తేదీ ఏటా మారిపోతుందని రాశారు, ఎందుకో రాయలేదు. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులు. 365లోంచి తీసేసి పదకొండు అని తనే చెప్పింది. అలా ముందుకు జరుగుతూ దాదాపు 33 ఏళ్ళలో అన్ని రుతువులూ చుట్టేస్తుంది అన్నాను. నాకు 67. “అయితే నీ వయసులో రెండుసార్లు చుట్టొచ్చిందన్నమాట” అని వేళ్ళు మడిచి చూపించింది. యూదులు 19 ఏళ్ళలో ఏడుసార్లు ఒక అధిక మాసం చేర్చుకుంటారు కాబట్టి వాళ్ళ పండగలు రుతువు తప్పవు. ఈ లెక్కలు మీ పేజీలో ఉంటే బడి హోంవర్కు కన్నా ఇష్టంగా చేసేవాళ్ళు పిల్లలు.

‘ముస్లింల దేవుడి పేరు అల్లా’ అన్న వాక్యం కూడా దిద్దాల్సిందే. అరబ్బీలో దేవుడు అనడానికి ఉన్న మాటే అది. అరబ్బీ మాట్లాడే క్రైస్తవుల బైబిల్లోనూ దేవుడు అల్లాయే.

ఒక ప్రశ్న దగ్గర మాత్రం ఇబ్బంది పడ్డాను. “ఇంతకీ ఎవరిది నిజం?” నేను నమ్మేది నేను చెప్పాను. మిగతా ఇళ్ళలో అమ్మమ్మలు కూడా వాళ్ళది ఇంతే గట్టిగా చెబుతారని కూడా చెప్పాను. కొన్నిచోట్ల ఆడవాళ్ళను లోపలికి ఎందుకు రానివ్వరని అడిగింది. ఆ ప్రశ్న ముందు మనవాళ్ళను అడుగుదాం అన్నాను. గౌరవం పేరుతో దాని నోరు నొక్కడం నాకు ఇష్టం లేదు. ఇంత చిన్నపిల్లకి ఇవన్నీ అవసరమా, బుర్ర పాడవుతుందని మావారు గొణిగారు. బుర్ర పాడయ్యేది సగం చెప్పి వదిలేస్తేనని నా అనుమానం.

చివరికి మా ఇంట్లో ఒక పద్ధతి కుదిరింది. మా కథకీ ‘అట’ తగిలించి చూశాం. చప్పబడిపోయింది, నాకే మనసొప్పలేదు. అందరికీ తీసేస్తే నేను నమ్మనివి నమ్మినట్టు చెప్పాల్సి వస్తోంది. అందుకని ‘యూదులు ఇలా చెప్పుకుంటారు, మనం ఇలా చెప్పుకుంటాం’ అంటున్నాం. క్రియ రెండువైపులా ఒకటే.

మీకు రెండే విన్నపాలు. శీర్షికలోంచి ‘వింత’ తీసేయండి. ఏ మతం గురించి వేస్తే ఆ మతం ఆచరించే ఒకరిచేత ముందు చదివించండి, ప్రూఫు చూడటం లాంటిదే అదీను.

మరొకటి మరిచిపోయాను. ‘గౌతమ బుద్ధుడు’ అని మీరు వేసిన నవ్వే బొజ్జాయన గౌతముడు కాడు. ఆయన చైనాలో జనం చెప్పుకునే బుదాయ్ అనే సన్యాసి. మా మనవరాలు తన నోటుపుస్తకంలో ఆ బొమ్మ అంటించుకుని, పక్కన మీ సవరణ కోసం జానెడు చోటు వదిలిపెట్టుకుంది. వచ్చే ఆదివారం కత్తెర పట్టుకుని కూర్చుంటుంది.

— ఒక విశ్రాంత ప్రూఫ్ రీడర్