రిటర్నులో పెద్దల కోసం ఒక గడి

సంపాదకులు గారికి నమస్కారం.

ఏటా ఆదాయపు పన్ను రిటర్నుల గడువు దగ్గరపడేసరికి మా కాలనీలోని విశ్రాంత ఉద్యోగులకు ఫారాలు నింపిపెట్టే పని నా మీద పడుతుంటుంది. రిఫండు ఎంత వస్తుందో చూపే గడి దగ్గరికి వచ్చినప్పుడల్లా, ‘ఇందులో ఇంత మొత్తాన్ని వయోవృద్ధుల హక్కుల కోసం పనిచేసే నిధికి ఇస్తున్నాను’ అని ఇష్టమున్నవారు రాయడానికి పక్కనే మరో గడి ఉంటే బాగుండునని నాకు అనిపిస్తుంది.

ఇది ఊహలో పుట్టిన మాట కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 60 ఏళ్లు దాటిన 120 మంది, అంటే 40 మంది సెనేటర్లు, 80 మంది అసెంబ్లీ సభ్యులు, జీతం లేకుండా ‘సీనియర్ లెజిస్లేచర్’గా ఏర్పడి, వృద్ధులకు కావలసిన చట్టాల ప్రతిపాదనలు తయారుచేసి, వాటిని అసలు శాసనసభ్యుల చేత సభలో పెట్టించడానికి ప్రయత్నిస్తారు. ఆ సంస్థకు చాలాకాలంగా ముఖ్య ఆధారం రాష్ట్ర పన్ను రిటర్నులో పౌరులు స్వచ్ఛందంగా రాసే విరాళమే. ఆ సొమ్ము కట్టవలసిన పన్నుకు అదనంగా ఇచ్చేదీ, లేదా రిఫండులోంచి తగ్గించుకునేదీ కనుక ఖజానాకు రావలసినదేమీ తగ్గదు.

మన దగ్గర అన్నదానానికో వృద్ధాశ్రమానికో చందా అడిగితే కాదనేవారు తక్కువ. అదే పెద్దల తరఫున అర్జీ రాసి, అధికారుల వెంట తిరిగి, చట్టంలో మార్పు కోసం పోరాడే పనికి మాత్రం పైసా పుట్టదు. పొరుగున ఉన్న ఒక పెద్దావిడకు తోడుగా నేను సీనియర్ సిటిజన్ల ట్రిబ్యునల్‌కు వెళ్లాను. ఆమె చేతిలోని ప్లాస్టిక్ కవరులో బ్యాంకు పాస్‌బుక్కు, మందుల చీటీలు, కొడుకు పేర రాసిచ్చిన గిఫ్టు డీడు జిరాక్సు ఉన్నాయి. తల్లిని చూసుకోవాలన్న షరతు ఆ డీడులో లేదని అక్కడి గుమాస్తా చెబితే తప్ప ఆమెకు తెలియదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ కింద ఆస్తి బదలాయింపును రద్దు చేయించుకోవడంలో ఆ షరతే కీలకం. పైగా 17వ సెక్షన్ ప్రకారం అక్కడ లాయర్లు వాదించడానికి వీల్లేదు. పెద్దవారు సొంతంగా చేసుకోలేని స్థితిలో ఉంటే, వారు అధికారమిచ్చిన స్వచ్ఛంద సంస్థ వారి తరఫున దరఖాస్తు చేయవచ్చని అదే చట్టం అంటోంది కానీ, ఆ సంస్థలోని మనిషికి ఆటో చార్జీ ఎవరిస్తారో చెప్పదు.

అదే చట్టంలో పిల్లల నుంచి ట్రిబ్యునల్ ఇప్పించే నెలసరి భరణానికి రూ.10,000 గరిష్ఠ పరిమితి పెట్టారు. దాన్ని తొలగించాలన్న 2019 సవరణ బిల్లు ఆమోదం పొందకుండానే ఆ లోక్‌సభతోపాటు మురిగిపోయింది. 2020 మార్చిలో నిలిపివేసిన వయోవృద్ధుల రైలు రాయితీ (పురుషులకు 40 శాతం, మహిళలకు 50 శాతం) సంగతీ అంతే. అంతకుముందు ‘ఇష్టమైతే వదులుకోండి’ అని అడిగిన రాయితీయే ఆ తర్వాత అడగకుండానే పోయింది. వీటి గురించి పట్టువదలకుండా అడిగే ఒక స్థిరమైన వేదిక మనకు లేదు.

సీనియర్ సిటిజన్ల సంక్షేమ నిధి ఉంది కదా అని కొందరు అనవచ్చు. చిన్న పొదుపు ఖాతాల్లోనూ, పీఎఫ్‌లోనూ ఎవరూ అడగక మిగిలిన సొమ్మును 2015 ఆర్థిక చట్టం ద్వారా ఆ నిధికి మళ్లిస్తున్నారు. అది ప్రభుత్వం చేతిలోని సంక్షేమ నిధి. ప్రభుత్వాన్నే ప్రశ్నించవలసిన పనికి ప్రభుత్వమే ఖర్చుపెడుతుందని నేను నమ్మను. పన్ను చెల్లించేవారు నేరుగా ఇచ్చి, పెద్దలే ఎన్నుకున్న మండలి ఖర్చుపెట్టి, ఏటా లెక్కలు బయటపెడితే ఆ స్వేచ్ఛ ఉంటుంది.

కొత్త పన్ను విధానంలో విరాళాలకు మినహాయింపు లేదు కనుక ఎవరూ ఇవ్వరన్నది మరో అభ్యంతరం. 2015లో గ్యాస్ సబ్సిడీ వదులుకొమ్మంటే కోటి మందికి పైగా వదులుకున్నారు. వారికెవరూ మినహాయింపు చూపలేదు. అసలు చిక్కు వేరేచోట ఉంది. 75 ఏళ్లు దాటి, ఒకే బ్యాంకులో వచ్చే పెన్షనూ వడ్డీ తప్ప వేరే ఆదాయం లేనివారికి రిటర్ను వేసే అవసరమే లేకుండా వెసులుబాటు ఇచ్చారు. అందువల్ల ఈ గడిని ఎక్కువగా చూసేది వారి పిల్లలే. అదీ మంచిదే.

ఈ నిధిని సాకుగా చూపి ప్రభుత్వం తన బాధ్యత తగ్గించుకోకూడదు. 60 నుంచి 79 ఏళ్ల పేదలకిచ్చే వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా ఏళ్లుగా రూ.200 దగ్గరే ఆగింది. దాన్ని పెంచవలసింది బడ్జెట్టులోనే గాని విరాళాలతో కాదు.

ఆదాయపు పన్ను కేంద్రం పరిధిలోనిది కనుక మన రాష్ట్రం ఒక్కటే దీన్ని అమలు చేయలేదు. రిటర్ను ఫారాలను ప్రకటించే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు వచ్చే ఏడాది ఫారాల్లో ఈ గడికి చోటివ్వాలనీ, జంటనగరాల నుంచి ఎన్నికైన ఎంపీలు పార్లమెంటులో ఈ ప్రశ్న లేవనెత్తాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉద్యోగి, మల్కాజిగిరి, హైదరాబాద్